తలుపు తీసిన ఊరు

(మన పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీ మిత్రులు ఫోన్ చేసి, "ఇంజనీరువి కదా, పిల్లలకు పనికొచ్చేలా నీ వృత్తి గురించి ఓ అరగంట మాట్లాడు" అన్నారు. వారు నన్ను క్షమించాలి. వంతెనల గురించీ కాంక్రీటు గురించీ చెప్పేవాళ్లు ఈ సభలోనే పది మంది ఉన్నారు. నేను ఇంకో బడి గురించి చెబుతాను. అది ఫ్రాన్సులో, కొండ మీది ఊళ్లో ఉండేది. ఆ బడి కథ విన్నప్పుడు నాకు మన బడే గుర్తొచ్చింది. అందుకని ముందు మన బడి సంగతి ఒకటి చెప్పి అక్కడికి వెళ్తాను.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. నేనప్పుడు ఆరో తరగతి. సంక్రాంతి సెలవులయ్యాక మా క్లాసులోకి కొత్త కుర్రాడొకడు వచ్చాడు. దూరపు బంధువు ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఆఫీసు గదిలో గుమాస్తా గారు "టి.సి. ఏది?" అన్నారు. వాళ్ల దగ్గర ఏ కాగితమూ లేదు. హెడ్మాస్టారు గారు లోపలి నుంచే "టి.సి. సముద్రంలో పోయిందయ్యా. పిల్లాడు మిగిలాడుగా, ముందు పేరు రాసుకో" అన్నారు. హాజరుపట్టీ ఇవ్వడానికి వెళ్లి గుమ్మంలో నిలబడ్డ నేను ఆ మాట విన్నాను. ఆ బంధువుల ఇంట్లోనూ తిండికి ఇబ్బందే. మాస్టార్లు మాట్లాడుకుని వాడికి వారాలు ఏర్పాటు చేశారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో. మా ఇంట్లో గురువారం. మా అమ్మ ఒక్కనాడూ వాడి కులం అడగలేదు, ఎన్నాళ్లని అడగలేదు. "గురువారం కదా, వాడు రాలేదేం?" అని మాత్రం అడిగేది. ఆ కుర్రాడు ఇవాళ సభలోనే ఉన్నాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను.

ఇక ఆ ఊరి సంగతి. 2017లో కంపెనీ పని మీద నేను ఫ్రాన్సులోని లియోన్ నగరంలో మూడు నెలలున్నాను. ఒక ఆదివారం తోటి ఇంజనీరు నన్ను కారులో కొండల్లోకి తీసుకెళ్లాడు. రెండు గంటల ప్రయాణం. సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఊరు, పక్కన లిన్యోన్ అనే చిన్న ఏరు. ఊరి పేరు ల షాంబోన్. రాతి ఇళ్లు, పైన్ చెట్లు, బంగాళాదుంపల చేలు. చలికాలంలో మంచును ఎగరేసే గాలికి అక్కడివాళ్లు 'బుర్ల్' అని పేరు పెట్టుకున్నారు. ఊరి చర్చికి ఎదురుగా ఒకప్పటి పాఠశాల భవనంలో 2013లో ఒక స్మారక మ్యూజియం తెరిచారు. ఊరు చూడ్డానికి పది నిమిషాలు చాలు. ఆ మ్యూజియంలో నేను మూడు గంటలున్నాను.

కాలం గుర్తు చేసుకుందాం. 1940 జూన్ 22న ఫ్రాన్సు జర్మనీకి లొంగి సంధి చేసుకుంది. ఉత్తర భాగం జర్మన్ సైన్యం కింద, దక్షిణ భాగం విషీ పట్నం నుంచి మార్షల్ పెతాన్ నడిపిన ప్రభుత్వం కింద ఉండేవి. 1942 నవంబరులో జర్మన్లు దక్షిణాన్ని కూడా ఆక్రమించుకున్నారు. యూదులను వేరు చేసి ఉద్యోగాల నుంచి తీసేసే చట్టాన్ని 1940 అక్టోబరులో చేసింది విషీ ప్రభుత్వమే. విదేశీ యూదులను పట్టుకుని గుర్స్, రివ్‌సాల్ట్ వంటి శిబిరాల్లో పెట్టారు. 1942 జూలై 16, 17 తేదీల్లో పారిస్‌లో ఫ్రెంచి పోలీసులే 13 వేల మందిని ఇళ్ల నుంచి లాక్కొచ్చారు. వారిలో నాలుగు వేల మందికి పైగా పిల్లలు. కుటుంబాలతో ఉన్నవారిని సైకిల్ పందాల స్టేడియంలో కుక్కారు. యుద్ధం ముగిసేలోగా ఫ్రాన్సు నుంచి సుమారు 76 వేల మంది యూదులను రైళ్లలో తూర్పుకు పంపారు. తిరిగొచ్చింది రెండున్నర వేల మంది.

ఇదంతా జరుగుతుంటే ఆ కొండ మీది ఊళ్లు వేల మందిని దాచాయి. ఎంతమందినన్నది ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. చరిత్రకారుల లెక్కలు మూడు వేలకూ ఐదు వేలకూ మధ్య తిరుగుతాయి. లెక్క తెలియకపోవడానికి కారణం ఉంది. ఎవరూ చిట్టా రాయలేదు. రాస్తే అది పోలీసుల చేతికి చిక్కుతుంది.

ఆ ఊరివాళ్లు ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు. కాథలిక్ దేశంలో ప్రొటెస్టెంట్లు. 1685లో రాజు వారి మతాన్ని నిషేధించాక, వందేళ్ల పాటు వాళ్ల తాతముత్తాతలు అడవుల్లో రహస్యంగా ప్రార్థనలు చేసుకున్నారు, జైళ్లలో మగ్గారు. వేట తప్పించుకోవడం ఎలాగో ఆ ఇళ్లలో కథలుగా చెప్పుకునేవారు. అందుకే వాకిట్లో ఎవరైనా నిలబడితే ఆ ఇళ్లవారికి పెద్దగా వివరించి చెప్పాల్సిన పని ఉండేది కాదు.

ఆ ఊరి పాస్టరు పేరు ఆంద్రే త్రోక్మే. హింస పనికిరాదని నమ్మిన మనిషి. సహచర పాస్టరు ఎద్వార్ తెయిస్‌తో కలిసి 1938లో ఊళ్లో ఒక హైస్కూలు పెట్టాడు. మొదటి ఏడు 18 మంది పిల్లలు. భవనం లేదు. చర్చి వెనక గదుల్లో, హోటళ్లలో, ఎవరింట్లో గది ఖాళీగా ఉంటే ఆ గదిలో పాఠాలు. పీరియడ్ మారితే పిల్లలు పుస్తకాలు పట్టుకుని మంచులో ఇంకో ఇంటికి నడిచేవారు. యుద్ధం ముగిసేసరికి వారి సంఖ్య మూడు వందలు దాటింది. ఎక్కడి నుంచి వచ్చారు అంతమంది? శిబిరాల నుంచి. అమెరికా నుంచి వచ్చిన క్వేకర్లు, స్విట్జర్లాండు సహాయ సంఘాలు శిబిరాల్లోని పిల్లలను బయటికి తీసుకురాగలిగేవి. కానీ వాళ్లను ఎక్కడ ఉంచాలి? త్రోక్మే ఊరు "మా దగ్గర" అంది. ఉద్యోగాలు పోయిన యూదు అధ్యాపకులు కొందరు ఆ బడిలోనే పాఠాలు చెప్పారు.

ఆ పిల్లల్లో ఒకడి పేరు ఈ సభలోని లెక్కల మాస్టార్లకు తెలిసే ఉంటుంది. అలెగ్జాండర్ గ్రోతెండీక్. తండ్రిని ఆష్విట్జ్‌లో చంపేశారు, తల్లి శిబిరాల్లో ఉంది. ఈ కుర్రాడు స్విస్ సంఘం నడిపిన 'ల గెస్పీ' అనే వసతిగృహంలో ఉంటూ ఈ బడిలో చదివాడు. సోదాలు జరుగుతాయని తెలిస్తే ఒకటి రెండు రాత్రులు అడవిలో గడిపేవాడు. 1966లో గణితంలో ఫీల్డ్స్ మెడల్ అందుకున్నాడు. మన బడిలో ఏడాది మధ్యలో వచ్చి వెనక బెంచీలో కూర్చునే పిల్లాణ్ని చూసినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోమని ఇప్పటి ఉపాధ్యాయులకు నా మనవి. అయితే ఒక్కమాట. అతను గొప్పవాడు కాకపోయినా ఆ ఆశ్రయానికి విలువ తగ్గేది కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నలభై నలభై ఒకటి మధ్య చలికాలంలో ఒక సాయంత్రం పాస్టరు గారింటి తలుపు ఎవరో కొట్టారు. త్రోక్మే భార్య మాగ్దా తలుపు తీసింది. ఆమె ఇటలీ ఆడపడుచు. నలుగురు పిల్లలు, ఎప్పుడూ వచ్చేపోయే జనం, పొయ్యి మీద ఏదో ఒకటి ఉడుకుతూ ఉండే ఇల్లు. వాకిట్లో మంచులో తడిసి వణుకుతూ ఒక స్త్రీ. జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన యూదు స్త్రీ. లోపలికి రావచ్చా అని అడిగింది. మాగ్దా రమ్మంది. తడిసిన బూట్లు పొయ్యి దగ్గర ఆరబెట్టింది. తిండి పెట్టింది. తర్వాత, ఆమెకు కాగితాలు కావాలి కదా అని, మేయరు ఊళ్లో పెద్దమనిషే కదా అని, సాయం అడగడానికి మేయరు ఆఫీసుకు వెళ్లింది. మేయరు కంగారు పడ్డాడు. ఒక్క పరాయి మనిషి కోసం ఊరంతటినీ ప్రమాదంలో పెడతారా, రేపు పొద్దున్నే ఆమె వెళ్లిపోవాలి అన్నాడు. ఇంటికొచ్చేసరికి బూట్లు పొయ్యి వేడికి కాలిపోయి ఉన్నాయి. బూట్లు కూడా రేషన్ మీద దొరికే రోజులు. మాగ్దా ఇల్లిల్లూ తిరిగి ఒక జత సంపాదించి, మరో చోట ఒక కుటుంబం దగ్గరికి ఆమెను పంపింది. అలా పంపించాల్సి వచ్చినందుకు చాలాకాలం బాధపడింది. మళ్లీ ఎప్పుడూ మేయరును అడగలేదు. అధికారులకు చెప్పకపోవడమే పద్ధతి అని ఆ ఇల్లు ఆ రోజు నేర్చుకుంది.

ఆ మేయరు క్రూరుడేం కాదు. తన ఊరు క్షేమంగా ఉండాలనుకున్న మనిషి. ఆ మ్యూజియంలో ఆయన గురించి చదివి, "భయస్తుడు" అనుకుని ముందుకు నడిచాను. మూడేళ్ల తర్వాత ఆ మాట నాకే తగిలింది.

2020 ఏప్రిల్. నగరంలో మేముండే అపార్టుమెంటు సంఘానికి నేను కార్యదర్శిని. మూడో అంతస్తులో అద్దెకున్న అమ్మాయి ప్రభుత్వాసుపత్రిలో నర్సు. ఏడేళ్ల కొడుకు. కరోనా వార్డులో డ్యూటీ. అందరిలో భయం. కమిటీ సమావేశమై ఆమెను వేరే చోటు చూసుకోమని ఉత్తరం రాయాలని తీర్మానించింది. నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. చివర సంతకం మాత్రం నాదే. మర్యాదగా, తప్పులు లేకుండా, చక్కటి ఇంగ్లీషులో రాశాను. ఆమె దెబ్బలాడలేదు. మూడో రోజు ఆటోలో సామాను పెట్టుకుని వెళ్తూ, "తులసి కుండీ పట్టడం లేదు సార్, మీ బాల్కనీలో ఉంచండి" అంది. ఆ కుండీ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఆమె ఎక్కడికి వెళ్లిందో నాకు తెలియదు.

ఆ నాటి యూదుల కష్టంతో దీన్ని పోలుస్తున్నానని అనుకోవద్దు. అక్కడ తలుపు వేస్తే చావు. ఆ రెండూ ఒకటి కావు. కానీ తలుపు దగ్గర నిలబడ్డ మనిషి మనసులో నడిచే లెక్క మాత్రం ఒకటే. 'ఒక్కరి కోసం అందరినీ ప్రమాదంలో పెడతామా?' మేయరు వేసిన లెక్కే నేనూ వేశాను. మా అమ్మ వేయని లెక్క అది. అక్కడి నుంచి నేను ఆ ఊరి పుస్తకాలు మళ్లీ చదవడం మొదలుపెట్టాను. ఈసారి 'ఎంత గొప్పవాళ్లు' అని కాదు, 'ఎలా చేయగలిగారు' అని. అది ఇంజనీరు ప్రశ్న. నాకు దొరికిన సమాధానాలు మూడు.

మొదటిది: వాళ్లు పెద్ద పని రాకముందే చిన్న పనుల్లో 'కాదు' అనడం నేర్చుకున్నారు. బళ్లలో రోజూ పొద్దున జెండాకు ఫాసిస్టు పద్ధతిలో చెయ్యి చాచి వందనం చేయాలని విషీ ప్రభుత్వం ఆదేశించింది. ఈ బడిలో అది మెల్లగా, గొడవ లేకుండా ఆగిపోయింది. మార్షల్ గారి పండుగకు చర్చి గంట మోగించాలని ఆదేశం వస్తే, గంట చూసుకునే అమెలీ అనే ముసలావిడ మోగించనంది. ఇవి చిన్న సంగతులే. కానీ చిన్న సంగతుల దగ్గర అలవాటు కాని నోరు పెద్ద సంగతి దగ్గర పెగలదు. నాకు పెగలలేదు.

1942 ఆగస్టులో విషీ ప్రభుత్వ యువజన వ్యవహారాల ప్రధాన కార్యదర్శి లమిరాన్ ఆ ఊరు చూడ్డానికొచ్చాడు. ఆయన చేతికి ఆ బడి పెద్ద క్లాసుల విద్యార్థులు ఒక ఉత్తరం ఇచ్చారు. పారిస్‌లో జరిగింది మాకు తెలిసింది, మాలోనూ యూదు విద్యార్థులున్నారు, వాళ్లకూ మాకూ తేడా చూడం, వాళ్లను పట్టుకోవాలని చూస్తే దాచడానికి ప్రయత్నిస్తాం అన్నది దాని సారాంశం. పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లలు ప్రభుత్వ పెద్దకు రాసిన ఉత్తరం! రెండు వారాలకు పోలీసులు బస్సులు తెచ్చారు. యూదుల జాబితా ఇమ్మని పాస్టరును అడిగారు. ఆయన ఇవ్వనన్నాడు. రోజుల తరబడి ఊరు, అడవి గాలించారు. ఒకరోజు ఖాళీ బస్సులో ఒకే ఒక్క మనిషి దొరికి కూర్చున్నాడు. పాస్టరు గారి కొడుకు తన దగ్గరున్న చాక్లెట్ ముక్క కిటికీలోంచి ఆయనకిచ్చాడు. అది చూసి ఊరివాళ్లు ఒక్కొక్కరూ ఏదో ఒకటి తెచ్చి ఇచ్చారు. కరువు రోజుల్లో ఆయన పక్క సీటు నిండిపోయింది. ఆయన తర్వాత విడుదలయ్యాడు.

రెండోది: పని పంచుకున్నారు, సమాచారం పంచుకోలేదు. పాస్టరు దగ్గర బైబిలు చదువుకునే డజనుకు పైగా యువకులు ఒక్కొక్కరూ ఒక్కో పేటకు బాధ్యులు. ఎవరింట్లో ఎవరున్నారో పక్క పేటవాళ్లకు తెలియదు. రైతులు దుంపలు, పాలు ఇచ్చారు. పెంకుటింటి అటకల మీద, పశువుల కొట్టాల్లో చోటిచ్చారు. ఆస్కార్ రోసోవ్‌స్కీ అనే పంతొమ్మిదేళ్ల కుర్రాడు, అతనూ యూదుడే, టైపు మిషన్లు బాగుచేసే పని తెలిసినవాడు, దొంగ గుర్తింపు కార్డులు, రేషన్ కార్డులు తయారుచేసేవాడు. ఆ కాగితాలను అతను తలదాచుకున్న ఇంటి రైతు తన తేనెటీగల పెట్టెల్లో దాచేవాడు. ఏ పోలీసు చెయ్యి పెడతాడు అందులో? 'సిమాద్' అనే సంఘం యువతులు కొందరిని దాదాపు మూడు వందల కిలోమీటర్ల దూరంలోని స్విట్జర్లాండు సరిహద్దు దాటించారు. సోదా జరగబోతోందని ముందురోజే పాస్టరు ఇంటికి అజ్ఞాతంగా ఫోన్ వచ్చేది. పిల్లలను అడవిలోకి పంపేవారు. పోలీసులు వెళ్లిపోయాక ఊరివాళ్లు అడవిలోకి వెళ్లి పాట పాడేవారు. పాట వినబడితే పిల్లలు ఇంటికి రావచ్చన్నమాట. ఇదంతా జర్మన్ గాయపడ్డ సైనికులు ఊళ్లోని హోటళ్లలో కోలుకుంటూ ఉండగానే జరిగింది. మేము యంత్రాలు తయారుచేసేటప్పుడు ఒక భాగం చెడినా మొత్తం ఆగకుండా కట్టాలని చూస్తాం. వీళ్లు మనుషులతో అలా కట్టారు.

ఆ కట్టుబడి పరీక్షకు కూడా నిలిచింది. 1943 ఫిబ్రవరి 13న ఇద్దరు పాస్టర్లనూ, ప్రభుత్వ బాలుర పాఠశాల ప్రధానోపాధ్యాయుడు రోజే దార్సిసాక్‌నూ అరెస్టు చేశారు. పోలీసులు వచ్చేటప్పటికి భోజనాల వేళ. మాగ్దా భర్త పెట్టె సర్దుతూ ఆ పోలీసులనూ భోజనానికి కూర్చోమంది. తర్వాత చాలామంది ఆమెను దీని గురించి అడిగారు. వాళ్లు వచ్చింది తినే వేళకు, ఇంకేం చేయను అన్నది ఆమె ధోరణి. ఊరివాళ్లు వరసగా వచ్చి తమ దగ్గరున్న సార్డీన్ డబ్బా, కొవ్వొత్తి, ఏదుంటే అది తెచ్చిచ్చారు. మార్షల్ ఆదేశాలు పాటిస్తామని సంతకం పెట్టమంటే పాస్టర్లిద్దరూ పెట్టలేదు. నెల దాటాక శిబిరం నుంచి వదిలేశారు. వాళ్లు లేని ఆ నెలలోనూ ఊళ్లో పని ఆగలేదు.

మూడోది చెప్పడం కష్టం. వాళ్లు మూల్యం చెల్లించారు. త్రోక్మే బంధువు దానియెల్ త్రోక్మే ముప్పై దాటిన సైన్సు టీచరు. పిల్లల వసతిగృహం చూసుకునేవాడు. రాత్రిళ్లు పాత కారు టైర్లు కోసి పిల్లల చెప్పులకు అడుగులు వేసేవాడు. 1943 జూన్ 29న గెస్టాపో ఒక విద్యార్థి వసతిగృహం మీద పడి 18 మందిని పట్టుకుంది. దానియెల్ అప్పుడు వేరే ఇంట్లో ఉన్నాడు. తప్పించుకునే వీలుంది. తన విద్యార్థులతోనే వెళ్లాడు. ఆ రోజు ఆ పిల్లల్లో ఒక్కడిని మాగ్దా విడిపించగలిగింది. ఏట్లో మునిగిపోతున్న జర్మన్ సైనికుణ్ని ఆ కుర్రాడు అంతకుముందు కాపాడాడు. ఆమె హోటలుకు పరుగెత్తి ఆ సంగతి చెప్పడానికి సైనికులను సాక్ష్యం తెచ్చింది. దానియెల్ మాత్రం 1944 ఏప్రిల్‌లో పోలండులోని మైదానెక్ శిబిరంలో చనిపోయాడు. ఊరి డాక్టరు రోజే ల ఫొరెస్తియేను అదే ఏడు ఆగస్టు 20న లియోన్ శివార్లలో వందమందికి పైగా ఖైదీలతో పాటు చంపేశారు. అప్పటికి ఫ్రాన్సు విముక్తి వాకిట్లో ఉంది.

కాబట్టి మంచి చేస్తే మంచే జరుగుతుందని పిల్లలకు నేను చెప్పలేను. మేయరు భయం ఉత్త భయం కాదు. ప్రమాదం నిజమే. ప్రమాదం నిజమని తెలిసీ తలుపు తీశారు, అదే ఆ ఊరి విశేషం. 1990లో ఇజ్రాయెల్‌లోని యాద్ వషేమ్ సంస్థ ఒక మనిషికి కాకుండా మొత్తం ఆ ఊరికీ చుట్టుపక్కల ఊళ్లకూ గౌరవపత్రం ఇచ్చింది. అక్కడి ముసలివాళ్లను అడిగితే "మామూలు సంగతే కదా, ఇందులో ఏముంది" అనేవారట. మా అమ్మను అడిగినా అదే అనేది. గురువారం కాబట్టి వాడికి అన్నం పెట్టింది, అంతే.

త్రోక్మే, తెయిస్ పెట్టిన ఆ బడి 2014లో మూతపడింది. బడులు శాశ్వతం కావు. యాభై ఏళ్లు నిండిన మన బడికి ఇంకో యాభై నిండాలని కోరుకుందాం, కానీ అది మన చేతిలో లేదు. ఇక్కడ చదివిన పిల్లాడు ఎవరైనా తలుపు కొడితే ఏం చేస్తాడన్నది కొంత మన చేతిలో ఉంది.

అందుకని ఒక విన్నపం. స్వర్ణోత్సవ నిధితో ముఖద్వారం కట్టించాలన్న ప్రతిపాదన ఉంది. కట్టండి, నా చందా నేనిస్తాను. దానితో పాటు ఇంకొకటి. మన ఊరి చుట్టూ ఉన్న ఇటుక బట్టీలకు ఏటా ఒడిశా నుంచి కుటుంబాలు వస్తున్నాయి. పిల్లలు చదువుల మధ్యలో వస్తారు, మధ్యలోనే వెళ్తారు. చేతిలో కాగితాలుండవు, నోట్లో తెలుగు ఉండదు. ఇప్పటి హెడ్మాస్టారమ్మ గారు వాళ్లను చేర్చుకుంటున్నారని నిన్ననే తెలిసింది. ఆ పిల్లల పుస్తకాలకు, మధ్యాహ్నం తర్వాత వాళ్లకు తెలుగు నేర్పే మనిషి జీతానికి ఆ నిధిలోంచి కొంత పక్కన పెడదాం. ముందు పేరు రాసుకుందాం, కాగితాలు తర్వాత చూసుకుందాం. ఆ మాట చెప్పిన హెడ్మాస్టారు గారు ఇవాళ లేరు. ఆయన పేరున ఇంతకంటే మంచి ముఖద్వారం నాకు తోచడం లేదు.

నా మటుకు నాకు ఒక బాకీ మిగిలే ఉంది. ఆ తులసి కుండీ ఎవరిదో వారికి చేర్చాలి. వెతుకుతున్నాను.